కోడి మాంసంలో బాక్టీరియా కాలుష్యం – వర్ధన్నపేట వంటి పట్టణాల్లో ఆహార భద్రత

వరంగల్ – ఖమ్మం రహదారిపై గల మండల కేంద్రం వర్ధన్నపేట 2018లో పురపాలక సంఘంగా ఏర్పడింది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు వరంగల్ గ్రామీణ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం, 2021లో ఆ జిల్లా పేరు మారడంతో ప్రస్తుతం వరంగల్ జిల్లాలో ఉన్నది. రాష్ట్రంలోని ఇటువంటి చిన్న పట్టణాలన్నింటిలో కోడి మాంసం అమ్మకం దాదాపు ఒకే విధంగా సాగుతుంది. ఫారాల నుంచి ప్రాణంతో వచ్చిన బ్రాయిలర్ కోళ్లను దుకాణంలోనే కోసి, ఈకలు తీసి, ముక్కలు కొట్టి వినియోగదారునికి అందజేస్తారు. కళ్ల ముందు కోసిన మాంసం తాజాది కనుక అది సురక్షితమైనదేనన్న నమ్మకం ప్రజల్లో బలంగా ఉన్నది.

తాజాదనం వేరు, సురక్షితత్వం వేరు. అప్పుడే కోసిన ఆరోగ్యవంతమైన కోడి మాంసంలోనూ వ్యాధికారక బాక్టీరియా ఉండవచ్చు. రంగు, వాసన, రుచిని బట్టి దానిని గుర్తించడం సాధ్యం కాదు. మన వంటలో బాగా ఉడికిన కూర వల్ల కలిగే ప్రమాదం స్వల్పం. ఉడకక ముందు ఆ మాంసం తాకిన కత్తి, మొద్దు, నీరు, గిన్నె, చేతుల ద్వారానే బాక్టీరియా ఇతర ఆహారంలోకి చేరుతుంది. అందువల్ల నివారణ చర్యలు పొయ్యి దగ్గర కాక, దుకాణంలోని మొద్దు దగ్గరనే మొదలు కావలసి ఉంది.

సమస్య విస్తృతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో విడుదల చేసిన అంచనాల ప్రకారం కలుషిత ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 60 కోట్ల మంది, అనగా ప్రతి పది మందిలో దాదాపు ఒకరు, అస్వస్థతకు గురవుతున్నారు. 4,20,000 మంది మరణిస్తున్నారు. మృతులలో 1,25,000 మంది ఐదేళ్ల లోపు చిన్నారులే.

20వ పశుగణన ప్రకారం 2019లో దేశంలో కోళ్ల సంఖ్య 85.18 కోట్లు కాగా, సుమారు 8 కోట్ల కోళ్లతో తెలంగాణ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల తరువాత మూడవ స్థానంలో నిలిచింది. దేశంలో ఉత్పత్తి అయ్యే మాంసంలో సుమారు సగం కోడి మాంసమే. మేక, గొర్రె మాంసం ధర అందుబాటులో లేని కుటుంబాలకు అదే ముఖ్యమైన మాంసకృత్తుల ఆధారం. ఈ కారణంగా కోడి మాంసం పరిశుభ్రత పేద, మధ్యతరగతి కుటుంబాల ఆరోగ్యంతోను, వేలాది చిరు వ్యాపారుల జీవనోపాధితోను ముడిపడి ఉన్నది.

కాలుష్యం ఎక్కడ మొదలవుతుంది

కోడి పేగులలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియా దానికి ఎటువంటి వ్యాధి కలిగించకుండానే నివసించగలవు. కనుక కోడి హుషారుగా కనిపించడం దాని మాంసం నిర్దోషమైనదనడానికి రుజువు కాదు. ఇరుకైన గంపలలో రవాణా చేసేటప్పుడు ఒక కోడి రెట్ట మరొక కోడి ఈకలకు అంటుతుంది. కోసిన తరువాత కోళ్లను ముంచే వేడి నీటిని తరచుగా మార్చకపోతే, మొదటి కోడి మలినం పదవ కోడికి చేరుతుంది. ఈకలు పెరికే డ్రమ్ములోని రబ్బరు వేళ్లు మలినాన్ని చర్మంలోని రంధ్రాలలోకి నెడతాయి.

అన్నింటికన్న కీలకమైన దశ పేగులు తీయడం. పేగు తెగితే అందులోని పదార్థం మాంసంపై పడుతుంది. అదే కత్తితో, అదే మొద్దుపై, అదే చేతులతో తరువాతి కోడిని కూడా కోస్తారు. ఆదివారాలు, దసరా, జాతరల రోజులలో రద్దీ కారణంగా మధ్యలో శుభ్రపరచుకొనే వ్యవధి ఉండదు. వ్యాపారం ఎక్కువగా సాగే రోజే కాలుష్యం వ్యాపించే అవకాశం కూడా ఎక్కువని అధికారులు గమనించవలసి ఉన్నది. తనిఖీలు పని దినాలకే పరిమితమైతే అసలు పరిస్థితి దృష్టికి రాదు.

ప్రధానమైన బాక్టీరియా

సాల్మొనెల్లా: అమెరికా పశువైద్యుడు డేనియల్ సాల్మన్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. శరీరంలో ప్రవేశించిన 6 నుంచి 72 గంటలలో జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కనిపిస్తాయి. ఈ వర్గానికే చెందిన టైఫాయిడ్ బాక్టీరియా మనుషుల నుంచి మాత్రమే వ్యాపిస్తుంది. కోడి మాంసం ద్వారా వచ్చే సాల్మొనెల్లా వ్యాధిని టైఫాయిడ్‌గా పేర్కొనడం సరికాదు.

కాంపైలోబాక్టర్: ప్రపంచంలో అతిసారానికి గల నాలుగు ప్రధాన కారణాలలో ఇది ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. కొన్ని వందల కణాలు చేరినా వ్యాధి కలుగుతుంది. లక్షణాలు సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల తరువాత కనిపిస్తాయి. అప్పటికి రోగి తాను తిన్నదేమిటో మరచిపోయే అవకాశం ఉన్నందున మూలం గుర్తించడం కష్టమవుతుంది. అరుదుగా ఈ వ్యాధి అనంతరం కండరాలను బలహీనపరచే గీయాన్–బారే సిండ్రోమ్ రావచ్చు. 2025 జనవరిలో పుణేలో ఈ సిండ్రోమ్ కేసులు పెద్ద సంఖ్యలో నమోదైనప్పుడు కొందరు రోగుల నమూనాలలో కాంపైలోబాక్టర్ బయటపడింది.

క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్: దీని బీజకణాలు వంట వేడిని తట్టుకొంటాయి. పెద్ద పాత్రలో వండిన కూరను గంటల తరబడి గది ఉష్ణోగ్రతలో వదిలివేస్తే అవి తిరిగి వృద్ధి చెందుతాయి. విందు భోజనాల తరువాత ఒకేసారి అనేక మంది అస్వస్థులయ్యే సంఘటనలలో ఈ బాక్టీరియాను కూడా అనుమానించవలసి ఉంటుంది.

స్టాఫిలోకాకస్ ఆరియస్: ఇది ప్రధానంగా వండేవారి, వడ్డించేవారి చేతి గాయాలు, ముక్కు ద్వారా ఆహారంలో చేరుతుంది. ఇది విడుదల చేసే విషపదార్థం తిరిగి వేడి చేసినా నశించదు.

ఉష్ణోగ్రత, కాలం

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా వృద్ధి చెందే అవకాశం ఉన్నందున దీనిని ప్రమాదకర పరిధిగా పరిగణిస్తారు. వేసవిలో వరంగల్ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. అనుకూల ఉష్ణోగ్రతలో కొన్ని బాక్టీరియా సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క కణం రెండు గంటలలో 64 కాగా, ఆరు గంటలలో 2,62,144 అవుతుంది. ఉదయం కోసి మధ్యాహ్నం వరకు కొక్కేనికి వేలాడదీసిన మాంసం విషయంలో ఈ లెక్క ప్రాధాన్యం స్పష్టమవుతుంది. కాంపైలోబాక్టర్ మాత్రం ఆరుబయట మాంసంపై వృద్ధి చెందదు. అయితే స్వల్ప సంఖ్యలోనే వ్యాధి కలిగించగలదు కనుక, చల్లబరచడంతో పాటు కాలుష్యం అంటకుండా చూడడం కూడా అవసరం.

ఫ్రీజర్‌లో పెట్టిన మాంసంలో బాక్టీరియా వృద్ధి నిలిచిపోతుందే తప్ప అన్నీ చనిపోవు. గడ్డకట్టిన మాంసాన్ని బయట ఉంచి కరిగించినప్పుడు అవి తిరిగి పెరుగుతాయి. ముక్క లోపలి భాగం 74 డిగ్రీలకు చేరేలా ఉడికిస్తే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ నశిస్తాయి. పులుసుతో మరిగే కూరలో ఇది సులభంగా జరుగుతుంది. పైన మాడి లోపల పచ్చిగా మిగిలే వేపుళ్లు, నిప్పులపై కాల్చిన పెద్ద ముక్కలు, షవర్మా వంటి పదార్థాలలో ఇది జరగకపోవచ్చు.

కడగడం వల్ల ప్రయోజనమెంత

మాంసాన్ని ఉప్పు, పసుపు వేసి పలుమార్లు కడగడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ. దీని వల్ల రక్తం, ఈకల ముక్కలు, నీచు వాసన పోతాయి. బాక్టీరియా పోదు. పైగా కుళాయి ధార కింద కడిగినప్పుడు తుంపరలు పక్కనున్న పాత్రలు, కూరగాయలు, గట్టుపై పడతాయి. ఈ కారణంగానే బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో పచ్చి కోడి మాంసాన్ని కడగవద్దని ప్రచారం చేపట్టింది. అమెరికా వ్యవసాయ శాఖ సలహా కూడా ఇదే.

అక్కడి దుకాణాలలో లభించే ప్యాక్ చేసిన మాంసానికి, ఇక్కడ మొద్దుపై కొట్టి ఇచ్చే మాంసానికి తేడా ఉన్నది. కడగక తప్పదనుకొనేవారు కుళాయి కింద కాకుండా, లోతైన గిన్నెలో నీరు పోసి మెల్లగా కడిగి, ఆ నీటిని చిందకుండా పారబోసి, గిన్నెను, తొట్టిని, చేతులను వెంటనే సబ్బుతో శుభ్రపరచుకోవాలి. బిర్యానీతో పాటు పచ్చిగా వడ్డించే ఉల్లిపాయ, నిమ్మ, కీర ముక్కలను మాంసం కోసిన కత్తితో కోయకపోవడం అన్నింటికన్న ముఖ్యం. మాంసం ఉడుకుతుంది. ఉల్లిపాయ ఉడకదు.

హైదరాబాద్ ఉదంతం – 2024

2024 అక్టోబర్ చివరలో హైదరాబాద్‌లో వీధి బండిపై అమ్మిన మోమోలు తిని ఒక మహిళ మృతి చెందగా, పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్ వల్ల ఆహారం విషతుల్యమవుతున్నదన్న అనుమానాల నేపథ్యంలో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న అటువంటి మయోనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ఇదే నిర్ణయం తీసుకొన్నది. కోడి మాంసంతో పాటు పక్కన వడ్డించే ఉడకని పదార్థంపై కూడా నిఘా అవసరమని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

బర్డ్ ఫ్లూ వేరు, బాక్టీరియా కాలుష్యం వేరు

దేశంలో మొదటిసారిగా 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ వెలుగు చూసినప్పుడు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో నిర్ధారణ అయి తెలంగాణ సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు ఏర్పాటైనప్పుడు, చికెన్ అమ్మకాలు పడిపోయి రైతులు, దుకాణదారులు నష్టపోయారు. బర్డ్ ఫ్లూ వైరస్ వల్ల కోళ్లకు వచ్చే వ్యాధి. సోకిన ఫారాలలో కోళ్లు పెద్ద సంఖ్యలో మరణిస్తాయి కనుక అది త్వరగా బయటపడుతుంది. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అలా కాక ఏడాది పొడవునా, ఆరోగ్యంగా కనిపించే కోళ్లలోనే ఉంటాయి. ఒకదాని గురించిన భయాన్ని రెండవదానికి అంటగట్టడం వల్ల ఒకవైపు వ్యాపారం దెబ్బతింటుంది, మరొకవైపు నిత్యం పాటించవలసిన జాగ్రత్తలు మరుగున పడతాయి. బాగా ఉడికించడం వల్ల రెండూ నశిస్తాయి.

చట్టంలోని ఏర్పాట్లు

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దీని కింద 2008లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఏర్పడింది. నియమ నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి.

2011 లైసెన్సు నిబంధనలు రోజుకు 50 లేదా అంతకన్న తక్కువ కోళ్లు కోసేవారిని చిరు వ్యాపారులుగా గుర్తించి నమోదు పత్రం పొందాలని, 50కి మించి 1,000 వరకు కోసేవారు రాష్ట్ర స్థాయి లైసెన్సు తీసుకోవాలని నిర్దేశించాయి. మాంసం దుకాణాల గోడలు నేల నుంచి కనీసం ఐదడుగుల ఎత్తు వరకు నీరు పీల్చని, కడగడానికి వీలైన పలకలతో ఉండాలని, మొద్దు పొట్టు రాలని గట్టి చెక్కతో గాని, ఆహారానికి తగిన కృత్రిమ పదార్థంతో గాని తయారై ఉండాలని, మాంసంపై తడి గుడ్డలు కప్పరాదని, పనివారికి ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరపాలని ఆ నిబంధనలు పేర్కొన్నాయి.

చట్టంలోని 32వ సెక్షన్ కింద లోపాలు సరిదిద్దుకోవలసిందిగా నోటీసు ఇవ్వవచ్చు. అపరిశుభ్ర పరిస్థితులలో ఆహారం తయారు చేస్తే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆహారం వల్ల వినియోగదారుడు మరణిస్తే 65వ సెక్షన్ ప్రకారం కుటుంబానికి కనీసం ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించేలా ఉత్తర్వులు ఇవ్వవచ్చు. 40వ సెక్షన్ కొనుగోలుదారుడే రుసుము చెల్లించి నమూనాను పరీక్ష చేయించుకొనే హక్కును కల్పించింది. ఆహార విషప్రయోగ కేసులను వైద్యులు అధికారులకు తెలియజేసేలా 35వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు.

జరిమానా ఒక్కటే పరిష్కారం కాదు. నీటి కనెక్షన్, మురుగు కాలువ, వ్యర్థాల సేకరణ లేని దుకాణదారుడు నిబంధనలు పాటించాలన్నా పాటించలేడు. ఆహార భద్రత అధికారి నోటీసు ఇచ్చినంత మాత్రాన ఈ సౌకర్యాలు ఏర్పడవు. పేగులు, ఈకలు వంటి వ్యర్థాలను ఏ రోజుకు ఆ రోజు తరలించే బాధ్యతను పురపాలక సంఘం తీసుకొంటేనే ఈగలు, కుక్కల బెడద తగ్గుతుంది.

నమూనాలు, ఫలితాలు

సూక్ష్మజీవ పరీక్షకు మాంసం నమూనాను శుద్ధి చేసిన పాత్రలో సేకరించి, సంరక్షక రసాయనాలు కలపకుండా, మంచు పెట్టెలో వెంటనే ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది. దారిలో వేడెక్కిన నమూనా ఫలితం దుకాణం పరిస్థితిని కాక, ప్రయాణం పరిస్థితిని తెలియజేస్తుంది. హైదరాబాద్ నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది. ప్రామాణిక విధానంలో సాల్మొనెల్లాను పెంచి నిర్ధారించడానికి సాధారణంగా నాలుగైదు రోజులు పడుతుంది. తనిఖీ జరిగిన రోజునే బాక్టీరియా ఉన్నట్లు గాని, లేనట్లు గాని ప్రకటించడం శాస్త్రీయం కాదని పత్రికా ప్రతినిధులు గమనించాలి. కుళ్లిన మాంసం పట్టుబడడం, వ్యాధికారక బాక్టీరియా నిర్ధారణ కావడం రెండు వేర్వేరు విషయాలు.

శాస్త్రీయ సలహాల కోసం హైదరాబాద్ సమీపంలోని చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంచాలకాలయం, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. వరంగల్ సమీపంలోని మామునూరులో పశువైద్య కళాశాల పనిచేస్తున్నది.

యాంటీబయాటిక్స్ సమస్య

సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 2014లో ఢిల్లీ ప్రాంతంలో 70 కోడి మాంసం నమూనాలను పరీక్షించి, 40 శాతం నమూనాలలో యాంటీబయాటిక్స్ అవశేషాలు ఉన్నట్లు వెల్లడించింది. ఫారాలలో ఈ మందులు విచ్చలవిడిగా వాడితే వాటికి లొంగని బాక్టీరియా పుట్టుకొస్తుంది. మనుషుల చికిత్సలో ఆఖరి అస్త్రంగా ఉపయోగపడే కొలిస్టిన్‌ను ఆహార జంతువులలో వాడడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. వంట వేడికి మందులకు లొంగని బాక్టీరియా కూడా చనిపోతుంది. కత్తి ద్వారా, చేతుల ద్వారా శరీరంలో చేరితే మాత్రం చికిత్స కష్టమవుతుంది.

ఇతర దేశాల అనుభవం

యూరోపియన్ యూనియన్ కోళ్ల మందలలోనే సాల్మొనెల్లాను అదుపు చేసే విధానాన్ని 2003 నాటి నిబంధనలతో చేపట్టింది. కబేళాలలో కత్తులను కనీసం 82 డిగ్రీల వేడి నీటితో శుద్ధి చేయాలని, కోడి మాంసాన్ని 4 డిగ్రీలకు చల్లబరచాలని అక్కడి నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. చిన్న దుకాణంలో ఇంతటి ఏర్పాట్లు సాధ్యం కాకపోయినా, మరిగే నీటిలో కత్తిని ముంచడం, మంచు పెట్టెలో మాంసం ఉంచడం అసాధ్యం కాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

దుకాణదారులు:
1. ప్రాణంతో ఉన్న కోళ్ల గంపలను మాంసం కొట్టే చోటికి దూరంగా ఉంచాలి.
2. కోయడానికి, పేగులు తీయడానికి, ముక్కలు కొట్టడానికి వేర్వేరు కత్తులు వాడాలి.
3. ఈకలు తీయడానికి వాడే వేడి నీటిని తరచుగా మార్చాలి.
4. మొద్దును రోజూ గీకి, వేడి నీటితో కడిగి, ఆరబెట్టాలి.
5. డబ్బు తీసుకొనే చేతితో మాంసం ముట్టరాదు. చేతికి గాయం, విరేచనాలు ఉన్నవారు పనికి దూరంగా ఉండాలి.
6. కోసిన మాంసాన్ని వేలాడదీయక, వెంటనే అమ్మాలి లేదా చల్లని పెట్టెలో ఉంచాలి.

గృహస్థులు:
1. బజారు పనులన్నీ ముగించుకొని, చివరగా మాంసం కొనాలి.
2. రిఫ్రిజిరేటర్‌లో మూత గల డబ్బాలో, అన్నింటికన్న కింది అరలో ఉంచాలి.
3. మసాలా పట్టించిన మాంసాన్ని కూడా బయట ఉంచక, చల్లగానే ఉంచాలి.
4. పచ్చి మాంసం ఉంచిన పళ్లెంలో వండిన ముక్కలు పెట్టరాదు.
5. వండిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. తిరిగి తినేటప్పుడు బాగా మరిగించాలి.

వ్యాధి లక్షణాలు కనిపించినప్పుడు

వాంతులు, విరేచనాలు మొదలైన వెంటనే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. వైద్యుని సలహా లేకుండా యాంటీబయాటిక్స్ వాడరాదు. విరేచనాలలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం తగ్గడం, మగత వంటి లక్షణాలు ఉన్నవారిని, పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులను ఆలస్యం చేయకుండా సమీప ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి. అత్యవసర పరిస్థితిలో 108 వాహనాన్ని పిలవవచ్చు. ఒకే భోజనం తిన్న పలువురు అస్వస్థులైతే మిగిలిన ఆహారాన్ని పారవేయక, మూతపెట్టి చల్లగా ఉంచి అధికారులకు అప్పగించాలి. కారణం తెలుసుకోవడానికి తరచుగా అదొక్కటే ఆధారంగా మిగులుతుంది.

కోడి మాంసం తినడం మానవలసిన అవసరం లేదు. పచ్చి మాంసాన్ని బాక్టీరియా ఉన్నదిగానే భావించి మెలగితే చాలు. దుకాణానికి నీరు, వ్యర్థాల తరలింపు సౌకర్యం పురపాలక సంఘం కల్పించడం, రద్దీ రోజులలో ఆహార భద్రత అధికారులు తనిఖీ చేయడం, శుభ్రమైన కత్తి, మొద్దు గల దుకాణాన్నే వినియోగదారులు ఎంచుకోవడం – ఈ మూడూ కలిసినప్పుడే వర్ధన్నపేట వంటి పట్టణాలలో సురక్షితమైన మాంసం ప్రజలకు అందుతుంది.